ల్యాండ్‌లాక్ మీద రాస్తున్న అమ్మాయికి

అమ్మా,

ల్యాండ్‌లాక్ మీద, అంటే ప్రోగ్రామ్ తన చుట్టూ తానే కంచె (శాండ్‌బాక్స్) వేసుకునేందుకు లైనక్స్ మూలభాగమైన కెర్నెల్ ఇచ్చే సదుపాయం మీద, నువ్వు పంపిన వ్యాసం నిన్న రాత్రి కూర్చుని చదివాను. తెలుగు బాగుంది, మూడో పేజీ దాకా హాయిగా సాగింది. అక్కడ "పాత కెర్నెళ్లలోనూ ఇదే కోడ్ ఇబ్బంది లేకుండా నడుస్తుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆ వాక్యం దగ్గర నాకు కోపం వచ్చింది. ఈ ఉత్తరం అందుకే.

కోడ్ నడుస్తుంది, సరే. కాపలా మాటేమిటి? నీ ఉదాహరణే తీసుకో. లాగ్ ఫైళ్లను చదవడమే తప్ప ముట్టుకోకూడని ప్రోగ్రామ్ అది. ట్రంకేట్‌ను, అంటే ఫైల్‌ను కుదించడాన్ని, ఆపే హక్కు లైనక్స్ 6.2లో, అంటే ఏబీఐ 3లో వచ్చింది. ఆ కెర్నెల్‌లోని ల్యాండ్‌లాక్ ఏయే పనులను ఆపగలదో చెప్పే వెర్షన్ నంబరే ఏబీఐ. అంతకుముందు ల్యాండ్‌లాక్‌కి ఆ పని ఆపే దారే లేదు. రాసే హక్కు ఇవ్వకపోయినా, మామూలు పర్మిషన్లు ఒప్పుకుంటే చాలు, ట్రంకేట్ కాల్‌తో లాగ్ మొత్తాన్ని సున్నా బైట్లకు కుదించేయొచ్చు. నీ కోడ్ ఏబీఐ నంబరు అడుగుతుంది, తక్కువగా ఉంటే ఆ హక్కు బిట్‌ను మాస్క్‌లోంచి, అంటే ఆపాల్సిన పనుల జాబితాలోంచి, తీసేసి ముందుకు పోతుంది. 5.15 కెర్నెల్ మీద ఉన్నవాడికి ఎర్రర్ రాదు, హెచ్చరికా రాదు. నీ వ్యాసం చదివి గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోతాడు.

రిఫర్ సంగతి, అంటే ఫైళ్లను డైరెక్టరీల మధ్య జరిపే హక్కు సంగతి, ఇందుకు పూర్తిగా తలకిందులు. 2021లో 5.13తో వచ్చిన మొదటి ఏబీఐలో, ఫైల్‌ను ఒక డైరెక్టరీ నుంచి ఇంకోదానికి రీనేమ్ చేయడం, లింక్ చేయడం అసలే కుదరవు. 5.19 నుంచి రూల్‌లో అనుమతి ఇస్తే కుదురుతాయి. మిగతా హక్కులు మాస్క్‌లో పెడితేనే నిషేధం, ఇది పెట్టకపోయినా నిషేధమే. 5.13 నాటి ప్రోగ్రామ్‌కు కొత్త కెర్నెల్‌లో కట్టుబాట్లు సడలకూడదని అలా పెట్టారు. అంటే పాత కెర్నెల్‌లో ట్రంకేట్ బిట్ తీసేస్తే రక్షణ పోతుంది, రిఫర్ బిట్ తీసేస్తే పని ఆగిపోతుంది. ఈ రెంటినీ ఒకే స్విచ్ బ్లాక్‌లో వరసగా పేర్చి, పైన "సర్దుబాటు" అని శీర్షిక పెడితే చదివేవాడికి ఏం తెలుస్తుంది?

బిట్ తీసేసే ప్రతి లైను పక్కనే, ఆ కెర్నెల్ వాడేవాడికి ఏది తెరిచి ఉండిపోయిందో, ఏది ఆగిపోతుందో రాయి. కెర్నెల్ డాక్యుమెంట్లలోనే చూడు, పాత పరిమితులను ఏబీఐ నంబర్లతో సహా విడివిడి శీర్షికల కింద పెట్టారు.

దీని మీద నాకింత పట్టు ఊరికే రాలేదు. నేను మాన్యువళ్లు రాసే రోజుల్లో ఒక సంపాదకుడు, పరిమితుల భాగం చూస్తే కొనేవాళ్లు జడుసుకుంటారని దాన్ని అనుబంధంలోకి నెట్టాడు. తర్వాతి ముద్రణలో అనుబంధమే ఎగిరిపోయింది. నేను గొడవపడ్డాను, ఆ తర్వాతి మాన్యువల్ ఇంకొకరికి ఇచ్చారు. ఇంట్లో అద్దెకు తడుముకుంటున్న రోజులవి. అప్పటి నుంచి పరిమితిని సూచనల మెట్ల మధ్యలోనే రాస్తున్నాను. నాలుగో మెట్టు ఏం చేయలేదో నాలుగో మెట్టులోనే ఉంటే, దాన్ని కోస్తే సూచనే తెగిపోతుంది, ఎవడూ ముట్టుకోడు. ఇప్పుడు "ఐదు నిమిషాల్లో శాండ్‌బాక్స్" రకం రాతలు పెరిగాయి. వాటిని ప్రచురించేవాళ్లు మొదట కోసేది ఈ మాటలనే. నువ్వు ఆ దారి పట్టకు.

ఎవరికి పంపాలి, ఎంత ఇస్తారు అని అడిగావు. ఆ సంగతులు మరోసారి.

ఇంకోటి. చివరి పేరాలో, శాండ్‌బాక్స్‌లో సీహెచ్‌మోడ్ (ఫైల్ పర్మిషన్లు మార్చే కాల్) కూడా ఆగుతుందని రాశావు. ఆగదు. సీహెచ్‌మోడ్, ఫైల్ యజమానిని మార్చే సీహెచ్‌ఓన్, ఫైల్ వివరాలు చూసే స్టాట్ లాంటివి ల్యాండ్‌లాక్ చేతిలో లేవు. శాండ్‌బాక్స్ వేసుకునేసరికే తెరిచి ఉన్న ఫైళ్లనూ అది మూయదు. ఆ పేరా కొట్టేసి మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో.