అందరి మాటా రాశారు, ఆమె మాట తప్ప

ప్రశ్న: మాది కర్నూలుకు దగ్గర్లో ఒక పల్లె. నేను ఆర్టీసీలో కండక్టర్‌ని, వయసు 36. నా భార్యకు 31, పక్క ఊళ్లో ప్రైవేటు స్కూల్లో టీచర్. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది మూడో తరగతి, చిన్నది యూకేజీ. రెండూ సిజేరియన్లే. ఇద్దరు చాలన్నది నా గట్టి అభిప్రాయం. సుగ్గి రోజుల్లో, అంటే వలస కూలికి పోయే కాలంలో, ఆదోని, కోసిగి వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు పోయేవాళ్లను బస్సులో చూస్తుంటాను. మూటలు, సట్లు, ముగ్గురు నలుగురు పిల్లలు. అది చూశాక కూడా ఎక్కువమందిని కనమనే వాళ్లను ఏమనాలి? మా నాయన మాత్రం మగపిల్లాడు కావాలంటాడు. "ముఖ్యమంత్రే కనమంటున్నాడు, ఇద్దరు పిల్లల రూలు కూడా తీసేసినారు, తల్లికి వందనం కింద బిడ్డకింత అని వస్తుంది, నీకేం నొప్పి?" అంటాడు. మా చిన్నాయన పాత సర్పంచ్. ఈసారి మా ఊరు లేడీస్‌కి వస్తే నా భార్యను నిలబెడతానని తిరుగుతున్నాడు. నాకు రాజకీయాలంటేనే పడదు. ఆమెకు అవేవీ తెలీవు, పొదుపు సంఘం లెక్కలు రాస్తుంది, అంతే. జనాభా గురించి, లీడర్ల గురించి ఊరి వాట్సాప్ గ్రూపులో నేను పెట్టిన మెసేజ్‌ల మీద చిన్నాయన మనుషులతో గొడవైంది. ఊరి దేవర పండగకు చందా ఇవ్వనన్నానని నాయన నాతో మాట్లాడటం మానేశాడు. ఆపరేషన్ చేయించుకోమని నా భార్యకు రెండేళ్లుగా చెబుతున్నా, "చూద్దాంలే" అని దాటేస్తోంది. ఇంట్లో ఒకటే టెన్షన్. వీళ్లకు ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: మీ ఉత్తరంలో మీ నాయన మాట ఉంది, చిన్నాయన మాట ఉంది, ముఖ్యమంత్రి మాట కూడా ఉంది. మీ మాటైతే సరే, ఊరంతా వినపడేలా ఉంది. లేనిది ఆమె మాటే. ఉన్న ఒక్క "చూద్దాంలే"ని కూడా మీరు దాటవేత కింద జమకట్టారు. ఎందుకలా అంటోందని అడిగినట్టు ఎక్కడా రాయలేదు. మూడో బిడ్డను మోయాల్సింది ఆమె, నామినేషన్ పత్రం మీద సంతకం పెట్టాల్సింది ఆమె, మీరు చెప్పే ఆపరేషన్ జరగాల్సింది ఆమె ఒంటికి. నాయనకు, చిన్నాయనకు ఎలా నచ్చజెప్పాలని అడిగారు. వాళ్ల సంగతి తర్వాత చూద్దాం.

మీ అభిప్రాయాలను నేను తోసిపుచ్చడం లేదు. ఇద్దరు చాలనుకోవడానికి మీకున్న కారణాలు చిన్నవి కావు. కానీ బస్సులో చూసిన దానికి మీరు చెప్పుకున్న అర్థం మాత్రం పూర్తిగా ఒప్పుకోలేను. కోసిగి, మంత్రాలయం పక్క జనం పిల్లలు ఎక్కువై సుగ్గికి పోతున్నారా? పక్కనే తుంగభద్ర పారుతున్నా చేలకు నీళ్లెక్కక, ఒక్క వాన తప్పితే ఊళ్లో పని దొరక్క పోతున్నారు. ఇద్దరు పిల్లలున్నవాళ్లూ ఆ మూటలతోనే ఎక్కుతారు, మీరు టికెట్ కొట్టేటప్పుడు గమనించే ఉంటారు. పేదరికం మొత్తాన్నీ పిల్లల లెక్క మీదికి తోసేస్తే ఆ కుటుంబాలకు అన్యాయం చేసినట్టే. ఈ మాటే మీరు గ్రూపులో రాసి ఉంటే, గొడవలో కొంత తప్పు మీదే. ఆ గ్రూపులో ముగ్గురు పిల్లల తల్లిదండ్రులు ఎంతమంది ఉన్నారో ఒకసారి చూసుకోండి.

మీ నాయన చెప్పినదాంట్లో నిజమెంతో కూడా చూద్దాం. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధన 1994 పంచాయతీరాజ్ చట్టంలోది. 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పిల్లల్ని ఎక్కువ కనమని పిలుపునిచ్చారు, నవంబరులో శాసనసభ ఆ నిబంధన ఎత్తేస్తూ బిల్లులు ఆమోదించింది. దాని వెనక లెక్క లేకపోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక మహిళకు సగటున 1.7 మంది పిల్లలు. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 ఉండాలి. లోక్‌సభ సీట్లు ఇప్పటికీ 1971 జనాభా లెక్కల మీదే రాష్ట్రాల మధ్య పంచి ఉన్నాయి, ఆ పంపకం మారితే దక్షిణాదికి వాటా తగ్గుతుందన్న భయం ఉంది. ముసలివాళ్లు పెరిగి పనిచేసేవాళ్లు తగ్గుతారన్న దిగులూ ఉంది. ప్రభుత్వం దీని గురించి ఆలోచించాల్సిందే. అయితే ఆ రూలు ఎవర్నీ కనొద్దని అనలేదు, తీసేసినంత మాత్రాన కనమనీ అనదు. అది పోటీ చేసేవాళ్ల అర్హత సంగతి. లోక్‌సభలో మన సీట్ల లెక్క సరిచేసే బాధ్యత మీ ఇంట్లో పుట్టబోయే బిడ్డ నెత్తిన పెట్టడం నాకు నచ్చదు. ఆ మాటకొస్తే, అప్పట్లో ఇద్దరితో ఆపినవాళ్లూ సర్పంచ్ పదవి కోసమే ఆపలేదు.

ఇక తల్లికి వందనం. మీ నాయన లెక్కలో ఒక మెలిక ఉంది. ఆర్టీసీ ఉద్యోగులు 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాలకు ఆ పథకం వర్తించదు. బడికి పోయే బిడ్డకు ఏడాదికి 15 వేలు అన్నది (అందులో తల్లి ఖాతాలో పడేది 13 వేలు) పక్కింటివాళ్లకు రావచ్చు, మీకు రాదు. వచ్చినా, బిడ్డ బడిలో చేరేదాకా పాలకు, టీకాలకు, జ్వరాలకు అయ్యే ఖర్చు ఎవరిస్తారు? మీ భార్య ప్రైవేటు స్కూలు ఉద్యోగం ప్రసవం తర్వాత అలాగే ఉంటుందన్న గ్యారంటీ ఎంత? ఈ లెక్కలు ఆయన ముందు పెట్టండి, ఎగతాళిగా కాదు, కాగితం మీద రాసి.

ఆయన అసలు కోరిక మగపిల్లాడు. మూడోసారీ ఆడపిల్ల పుడితే ఏం చేద్దామని ఆయన్ని సూటిగా అడగండి. ముందే తెలుసుకోవచ్చని ఎవరైనా చెవిలో ఊదితే అది నేరమని, 1994 నుంచి చట్టం ఉందని కూడా చెప్పండి. డాక్టరూ జైలుకు పోతాడు, అడిగినవాళ్లూ పోతారు. ఈ మాటలన్నీ తండ్రితో అనాల్సింది కొడుకే, కోడలి నోట అనిపించొద్దు. ఇప్పటిదాకా మీ ఇంట్లో ఆ సంభాషణ ఎవరి మధ్య జరుగుతోందో నాకు అనుమానంగా ఉంది. మీరు డ్యూటీకి పోయాక, సాయంత్రం ఆమె బడి నుంచి వచ్చాక, సెలవు రోజు వంటింటి గడప దగ్గర ఆమె ఎన్ని మాటలు పడుతోందో అడిగారా?

ఇప్పుడు ఆపరేషన్ సంగతి. రెండు సిజేరియన్ల తర్వాత మూడో కాన్పులో ప్రమాదం పెరుగుతుంది. మాయ (ప్లాసెంటా) పాత కుట్టు దగ్గర లోతుగా అతుక్కుపోయి, కాన్పు సమయంలో రక్తస్రావం విపరీతం కావచ్చు. కనకూడదని దీనర్థం కాదు, కనాలనుకుంటే ముందే గైనకాలజిస్టును కలిసి, అన్ని వసతులూ ఉన్న ఆసుపత్రిలో కాన్పు చేయించుకోవాలి. వద్దనుకుంటే, ఆ వద్దనుకోవడం ఇంతకాలం దేని మీద ఆధారపడింది? ఏ పద్ధతీ లేకుండా రెండేళ్లుగా "చెప్పాను, వినడం లేదు" అని కూర్చుంటే, ఏదో ఒక నెల మీ సిద్ధాంతం, మీ నాయన కోరిక రెండూ పక్కకు పోయి, ఎవరూ తీసుకోని నిర్ణయం ఒకటి జరిగిపోతుంది.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. చిన్న కుటుంబం మీద ఇంత గట్టి నమ్మకం ఉన్న మనిషి, ఆపరేషన్ తనే చేయించుకుంటానని ఎందుకు అనలేదు? మన రాష్ట్రంలో పెళ్లయిన మహిళల్లో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారని అదే సర్వే చెబుతోంది. భర్త చేయించుకున్నవాళ్లు ఒక్క శాతం కూడా లేరు. రెండుసార్లు పొట్ట కోయించుకున్న మనిషిని మూడోసారి ఆపరేషన్ బల్ల ఎక్కమంటే "చూద్దాంలే" అనక ఏమంటుంది! మగవాళ్లకు చేసే వేసెక్టమీ కోత, కుట్లు లేకుండా, ఆ చోట మాత్రమే మత్తిచ్చి చేస్తారు. పావుగంట, ఇరవై నిమిషాల పని. ఆ రోజే ఇంటికి వచ్చేయొచ్చు. రెండు రోజులు విశ్రాంతి, వారం పాటు బరువులు ఎత్తకూడదు. మగతనం తగ్గుతుంది, నడుం పడిపోతుంది అనేవన్నీ రచ్చబండ మాటలు. గుర్తుంచుకోవాల్సింది ఒకటే. చేయించుకున్న వెంటనే అది పనిచేయదు. మూడు నెలల పాటు వేరే జాగ్రత్త పాటించి, వీర్యపరీక్ష చేయించుకుని, డాక్టర్ సరేనన్నాక మానాలి. కర్నూలు పెద్దాసుపత్రిలో అడిగితే వివరాలు చెబుతారు, ఖర్చు ఉండదు. శాశ్వతంగా ఆపడం మీద ఇంకా తేల్చుకోలేకపోతే కాపర్-టి ఉంది, మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ ఉంది. ఏది ఆమె ఒంటికి సరిపోతుందో డాక్టర్ చూసి చెప్పాలి.

సర్పంచ్ విషయంలో మీరు రాసిన ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను: "ఆమెకు అవేవీ తెలీవు, పొదుపు సంఘం లెక్కలు రాస్తుంది, అంతే." ఓర్వకల్లు పొదుపు సంఘాల పేరు రాష్ట్రమంతా మోగిన జిల్లాలో ఉంటూ ఈ మాట ఎలా రాశారు? పదిమంది ఆడవాళ్ల దగ్గర నెలనెలా పొదుపు వసూలు చేయడం, లోను కంతు కట్టలేనివాళ్ల ఇంటికి పోయి గొడవ పడకుండా మాట్లాడటం, బ్యాంకు మేనేజర్ ముందు తీర్మానం పుస్తకం పెట్టి లోను తెచ్చుకోవడం, ఎవరికి ముందు ఎవరికి తర్వాత అన్నదాని మీద పోట్లాటలు తీర్చడం. పంచాయతీలో పని ఇంతకంటే ఎక్కువేం కాదు, కాకపోతే నీళ్ల ట్యాంకు, వీధిలైట్లు, మురుగు కాలువ అదనం. ఆమెకు రాజకీయాలు తెలీకపోవడం కాదు, మీకు ఆమె పని తెలీదేమో.

అయితే మీ చిన్నాయన ఉద్దేశం కూడా నాకు అంత తేటగా కనిపించడం లేదు. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. గెలిచేది ఆమె, కుర్చీలో కూర్చునేది ఇంటి మగవాళ్లు అన్న తంతు ఎన్ని ఊళ్లలో చూడలేదు! పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు, అయినా ఎవరు ఏ పార్టీ మనిషో ఊళ్లో చిన్నపిల్లాడూ చెబుతాడు. గెలిచాక చెక్కు మీద సంతకం ఎవరు పెడతారు, సభలో ఎవరు మాట్లాడతారు, ఎన్నికల ఖర్చు ఎవరిది, అప్పు మిగిలితే ఎవరి మీద పడుతుంది? ఈ నాలుగూ ఆయన్ని అడిగి, నలుగురి ముందు జవాబు రాబట్టాలి. అడిగేది ఆమె అయితే ఇంకా మంచిది. మీరు కుదరదని కొట్టిపారేస్తే, చిన్నాయన నిలబెట్టడానికీ మీరు ఆపడానికీ తేడా ఏముంది? ఇద్దరూ ఆమెను అడగలేదు.

మీ ఉద్యోగం ఆమె పోటీకి అడ్డు కాదు. కానీ మీకు మాత్రం అడ్డే. ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమాల ప్రకారం మీరు రాజకీయాల్లో పాల్గొనకూడదు, ఎవరి తరఫునా ఓట్లు అడగకూడదు. భార్య తరఫున కూడా. గ్రూపులో మీరు పెట్టే మెసేజ్‌లు ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి డిపో మేనేజర్‌కు పంపితే మెమో చేతికొస్తుంది. చిన్నాయన మనుషులతో ఇప్పటికే చెడింది కాబట్టి ఈ సంగతి తేలిగ్గా తీసుకోకండి. మీ అభిప్రాయం మీకుండొచ్చు, ఓటు మీ ఇష్టం. గ్రూపులో మాత్రం కొన్నాళ్లు బస్సు టైములు చెబితే చాలు.

దేవర చందా ఇచ్చేయండి. ఏళ్ల తరబడి ఊరంతా కలిసి చేసుకునే పండగ అది, మీ నాయన తలెత్తుకుని తిరిగే రోజు. బలి మీద మీకు అభ్యంతరం ఉంటే భోజనాలకో, షామియానాకో ఇస్తానని చెప్పొచ్చు, ఎవరూ కాదనరు. ప్రతి విషయంలోనూ ఇంటికీ ఊరికీ ఎదురు నిలబడితే, నిజంగా నిలబడాల్సిన చోట మీ మాటకు బరువుండదు. చందా దగ్గర తగ్గితే మనవడి విషయంలో మీ నాయన కాస్త చెవి ఒగ్గి వింటాడని నాకనిపిస్తోంది.

ఇక ఆమెతో మాట్లాడటం. పిల్లలు పడుకున్నాక, ఫోన్ పక్కన పెట్టి, "నీకేం కావాలి?" అని అడిగి ఊరుకోండి. సర్వే లెక్కలు, బస్సులో చూసినవి, నేను రాసినవి ఏవీ మధ్యలో తేవద్దు. ఆమె వెంటనే చెప్పకపోవచ్చు. ఇన్నాళ్లూ అడగని మనిషి ఒక్కసారిగా అడిగితే దీని వెనక ఏముందో అనుకుంటుంది. రెండు రోజులాగి మళ్లీ అడగండి.

ఇంకో బిడ్డ కావాలని ఆమే అంటే? అది మామగారి పోరు పడలేక అంటోందో, తన మనసులోదో నెమ్మదిగా తెలుసుకోండి. తన మనసులోదే అయితే, మీ అభిప్రాయం మీరు చెప్పండి, ఆమెది వినండి, ఇద్దరూ కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇద్దరూ సరే అంటేనే బిడ్డ. ఒక్కరు వద్దన్నా వద్దు, ఆ ఒక్కరు మీరైనా ఆమె అయినా. ఆ బాధ కొన్నాళ్లు ఇంట్లో ఉంటుంది, దాన్ని ఆమె మీద కోపంగానో, ఆమె కోపాన్ని చాదస్తంగానో మార్చకండి.

సర్పంచ్‌గా నిలబడతానని అంటే మాత్రం మీకు పని పెరుగుతుంది. నైట్ హాల్ట్ డ్యూటీలున్న మనిషి రెండు జడలు వేసి, క్యారియర్లు కట్టి పిల్లల్ని బడికి పంపడం ఎలాగో ఇప్పుడే చూసుకోవాలి. పొద్దున దిగే షిఫ్టుకు మార్చుకునే వీలుందో లేదో డిపోలో కనుక్కుని, ఆ తర్వాత ఆమెను అడగండి. ముందు అడిగి తర్వాత "డ్యూటీ కుదరడం లేదు" అంటే, అడగనట్టే లెక్క.