ఎస్టీడీ (సుఖవ్యాధుల) క్లినిక్‌కి వెళ్తే ఇంట్లో తెలిసిపోతుందా?

ప్రశ్న: నా వయసు 19. మాది శ్రీకాకుళం జిల్లా, విశాఖలో మద్దిలపాలెం హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. ఈమధ్య నా స్నేహితురాలితో (తనకీ 19) కండోమ్ లేకుండా కలిశాను. వారం నుంచి మూత్రానికి వెళ్తే మంట. ఇక్కడి ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి వెళ్తే నాన్నకి ఫోన్ చేస్తారా? హెచ్‌ఐవీ టెస్టు చేస్తే కాలేజీకి తెలుస్తుందా?

జవాబు: ఫోన్ చెయ్యరు తమ్ముడూ, చెయ్యకూడదు కూడా. పద్దెనిమిది నిండాయి కాబట్టి వైద్యానికి ఒప్పుకోవాల్సింది నువ్వే, నాన్నగారి సంతకం అక్కర్లేదు. రోగి చెప్పిన రహస్యాన్ని డాక్టరు, కోర్టు ఆదేశం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప, బయటపెట్టకూడదని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి చెబుతోంది. రేపు పొద్దున్నే కేజీహెచ్‌లో ఓపీ చీటీ రాయించుకుని చర్మ, సుఖవ్యాధుల విభాగానికి వెళ్లు. చీటీలో నీ ఫోన్ నంబరే రాయించు. నా అనుభవంలో విషయం ఇంటికి చేరేది డాక్టరు నోటి నుంచి కాదు, ఇంటి నంబరుకి వెళ్లిన మెసేజ్ వల్లో, నాన్న ఇన్సూరెన్స్ కార్డు వాడితే ఆయనకి వచ్చే క్లెయిమ్ కాగితం వల్లో. ఆభా కార్డు (ప్రభుత్వం ఇచ్చే డిజిటల్ ఆరోగ్య ఐడీ) తప్పనిసరేమీ కాదు.

హెచ్‌ఐవీ టెస్టుకి ప్రత్యేక చట్టమే ఉంది, 2017లో చేశారు, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. నీకు వివరించి, నువ్వు ఒప్పుకున్నాకే టెస్టు చెయ్యాలి. ఫలితాన్ని నీ అనుమతి లేకుండా కాలేజీకి గానీ ఇంటికి గానీ చెప్పకూడదు. ఒకవేళ పాజిటివ్ వస్తే భాగస్వామికి చెప్పమని ముందు నీకే నచ్చజెబుతారు, నువ్వు చెప్పకపోతే, ఆమెకి ప్రమాదం ఉందనుకుంటే, నీకు తెలిపాక డాక్టరో కౌన్సిలరో చెప్పొచ్చు. అంతేగానీ తల్లిదండ్రుల ఊసు ఆ నిబంధనలో లేదు. టెస్టు ఉచితం, అనుమానాలుంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యి.

ఇద్దరిలో ఒకరికైనా పద్దెనిమిది నిండకపోయి ఉంటే నా జవాబు మారేది. అప్పుడు ఇష్టపడి కలిసినా పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) వర్తిస్తుంది, విషయం తెలిసిన డాక్టరు పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే ఆయనకి ఆరు నెలల దాకా జైలు. ఇది చదివే చిన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఆ భయంతో వైద్యం మానెయ్యొద్దు, 15100కి ఫోన్ చేస్తే ఉచితంగా లాయరు సలహా దొరుకుతుంది.

బస్టాండు గోడల మీద ‘గుప్త రోగాలకి గ్యారంటీ వైద్యం’ అనే పోస్టర్లు చూసే ఉంటావు. సుఖవ్యాధులు నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 చట్టం ప్రకారం నేరం. పరువు పోతుందన్న టెన్షన్‌తో అక్కడికెళ్లి వేలు పోసి, జబ్బు ముదిరాక వచ్చిన కుర్రాళ్లని చూశాను, నాకు చాలా బాధ.

ఇంకొకటి, ఆ అమ్మాయికి నువ్వే చెప్పు. సుఖవ్యాధి అని తేలితే ఇద్దరూ ఒకేసారి మందులు వాడాలి, లేకపోతే మళ్లీ అంటుకుంటుంది. తనకీ ఇవే హక్కులు. ‘పెళ్లయిందా’ అని అడిగితే తను తలొంచుకోనక్కర్లేదు, పెళ్లి కాలేదని వైద్యం చెయ్యకుండా పంపించే హక్కు ఎవరికీ లేదు.