అప్పు చేసి దశమభాగం ఇవ్వాలా?

చేతికొచ్చిన డబ్బంతా రాబడి అని లెక్కేయడం వల్లే ఈ టెన్షన్ అన్నా. మీరు అనంతపురంలో శెనక్కాయలు అమ్మితే 60,000 వచ్చింది, అందులో 55,000 విత్తనాలకూ ఎరువులకూ తెచ్చిన అప్పే అన్నారు. చర్చికిచ్చే దశమభాగం (రాబడిలో పదో వంతు) 6,000 వడ్డీకి తేవాలా, లేకపోతే శాపమా అని అడిగారు. తేవద్దు.

1. ముందు అప్పు పక్కన పెట్టండి. చాలామంది వదిలేసేది ఇదే. ఆ 55,000 ఇచ్చినవాళ్ల సొమ్ము, మీ పంట కాదు. మీకు మిగిలింది 5,000. పదో వంతే ఇవ్వాలనుకుంటే 500. ఆ 500 సంతోషంగా ఇవ్వండి, సిగ్గుపడొద్దు.

2. అదీ కష్టమైతే బైబిల్లో 2 కొరింథీయులు 8:12 చదవండి. లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టే ఇమ్మని ఉంది. అదే పత్రిక 9:7లో బలవంతం వద్దని ఉంది.

3. మలాకీ 3:10 విని భయపడ్డారు కదా. అక్కడ పదో భాగం ఆలయపు కొట్టుకు తెమ్మన్నది ఆహారం ఉండాలని. ద్వితీయోపదేశకాండము 14:28-29లో మూడో ఏటి పదో భాగం లేవీయులతో (ఆలయ సేవ చేసేవాళ్లతో) పాటు అనాథలకూ, విధవరాళ్లకూ తిండి. వడ్డీకి తెచ్చి ఇమ్మని ఎక్కడా లేదు.

4. ఈ లెక్క కాగితం మీద రాసి పాస్టరుగారికి చూపించండి.