'ఆదేశం' అనే మాట గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథలో "అన్న చోట తమ్ముడు ఆదేశమయ్యాడు" అన్న వాక్యం కింద గీత పెట్టాను. మాట తప్పు కాదు. కానీ చదివేవాళ్లకి ఆదేశం అంటే పైనుంచి వచ్చిన ఉత్తర్వే. ఒకదాన్ని తీసేసి దాని చోట ఇంకొకటి రావడం అన్న అర్థం వ్యాకరణం గడప దాటలేదు.

'దిశ్' ధాతువుకు చూపడం అని అర్థం. 'ఆ' చేరితే నిర్దేశించి చెప్పడం. బృహదారణ్యక ఉపనిషత్తులో "అథాత ఆదేశో నేతి నేతి" అన్నచోట అది ఉపదేశం. పాణినీయుల దగ్గర, ఫలానా దాని చోట రావాలని విధించినది ఆదేశం, తొలగేది స్థాని. చిన్నయసూరి బాలవ్యాకరణంలోనూ (1858) ఇదే అర్థం.

సూత్రం చదివేటప్పుడు 'కు' మీద కన్నుంచు. "ద్రుతప్రకృతికము మీఁది పరుషములకు సరళములగు" అంటే, చివర నకారం ఉన్న మాట (ద్రుతప్రకృతికం) తర్వాత, 'కు' తగిలినవి (పరుషాలు: క చ ట త ప) పోతాయి, ప్రథమా విభక్తిలో ఉన్నవి (సరళాలు: గ జ డ ద బ) వస్తాయి. పూచెను, కలువలు కలిస్తే 'పూచెఁ గలువలు': క పోయింది, గ వచ్చింది. సంస్కృతంలో ఆ 'కు' పని షష్ఠీ విభక్తి చేస్తుంది. కొత్తవాళ్లు బోల్తా పడేది ఆగమం దగ్గర, అంటే ఏదీ పోకుండా కొత్త వర్ణం వచ్చి చేరే చోట. పేదాది శబ్దాలకు ఆలు శబ్దం పరమైతే రుగాగమం అన్నప్పుడూ 'కు' ఉంది, అయినా 'పేద' ఎక్కడికీ పోదు. ర్ వచ్చి చేరి 'పేదరాలు' అవుతుంది. పోయిన అక్షరమేదో వేలుపెట్టి చూపలేకపోతే అది ఆదేశం కాదు.

"మిత్రవదాగమః, శత్రువదాదేశః" అంటారు: ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన చేరుతుంది, ఆదేశం శత్రువులా ఉన్నదాన్ని తరిమి ఆ చోట కూర్చుంటుంది. ఆ శత్రువు పోలిక నా లెక్కలో సగమే నిజం. "స్థానివదాదేశోఽనల్విధౌ" అన్న పాణిని సూత్రం (అష్టాధ్యాయి 1.1.56) ప్రకారం వచ్చినదానికి పోయినదాని హోదా దక్కుతుంది. 'అస్' చోట 'భూ' వస్తే అదీ ధాతువే, కనుకనే ధాతువుకు చేరే 'తవ్య' ప్రత్యయం దానికీ చేరి 'భవితవ్యం' తయారవుతుంది. పాత వర్ణాన్నే పట్టుకుని జరిగే కార్యాలు మాత్రం దానికి సంక్రమించవు.

నీ వాక్యానికి 'మారు' చాలు: "అన్నకు మారుగా తమ్ముడు వచ్చాడు." మారుతల్లి, మారుపేరు, మారువేషం అన్నీ ఆ కుదురువే. 'బదులు' కూడా నప్పుతుంది. అయితే అది అరబీ 'బదల్' నుంచి వచ్చింది, చాళుక్యుల కాలపు పాత్ర నోట పెట్టకు. ఆదేశాన్ని వదులుకోవడం ఇష్టం లేకపోతే కథలో తెలుగు మాస్టారి చేత అనిపించు. "అల్లుడు కొడుక్కి ఆదేశమయ్యాడర్రా" అని ఆయన అంటే చక్కగా ఉంటుంది. కథ చెప్పే గొంతులో మాత్రం వద్దు.