ఇంపోర్ట్ కింద పసుపు గీత

చిన్నా,

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. టెర్మినల్‌లో ప్రోగ్రాం చక్కగా నడుస్తోంది, నీ ఎడిటర్ వీఎస్ కోడ్‌లో మాత్రం పాండాస్‌ని (పట్టికల లెక్కలు చేసే పైథాన్ లైబ్రరీని) తెచ్చుకునే ఇంపోర్ట్ లైను కింద పసుపు రంగు వంకర గీత. అప్పటికే మూడుసార్లు పాండాస్ తీసేసి మళ్లీ వేశావట. ముప్ఫైసార్లు వేసినా ఆ గీత పోదురా. వెన్వ్ అంటే ఒక్కో ప్రాజెక్టుకి విడిగా పెట్టుకునే పైథాన్, దాని లైబ్రరీలు; నువ్వు దాన్ని యాక్టివేట్ చేసిన సంగతి ఆ టెర్మినల్‌కే తెలుసు, ఎడిటర్‌కి తెలియదు.

అదే స్క్రీన్‌షాట్‌లో అడుగున కుడివైపు చూడు. పైథాన్ వెర్షన్ నంబరు ఒక్కటే ఉంది, పక్కన డాట్ వెన్వ్ అన్న మాట, అంటే నీ వెన్వ్ ఉన్న ఫోల్డర్ పేరు, లేదు. అంటే ఎడిటర్ సిస్టమ్ పైథాన్‌నే పట్టుకుని కూర్చుంది. ఆ నంబరు మీద నొక్కు, జాబితా వస్తుంది. అందులో నీ ప్రాజెక్టు ఫోల్డర్‌లోని పైథాన్‌ని ఎంచుకో. అనుమానం తీరకపోతే సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్‌ని ప్రింట్ చేయించు, ఏ పైథాన్ నడుస్తోందో పాత్‌తో (అది ఉన్న చోటుతో) సహా చెబుతుంది. నేను ఇప్పటికీ ముందు చూసేది అదే.

ఇంకోటి. ప్రాజెక్టులన్నీ ఉన్న పెద్ద ఫోల్డర్‌ని తెరిచి కూర్చుంటున్నావు. ఏ వెన్వ్ కావాలో పాపం ఎడిటర్‌కెలా తెలుస్తుంది? పని చేసే ఫోల్డర్ ఒక్కటే తెరువు.

లైబ్రరీలన్నీ ఒకే పైథాన్‌లో వేస్తే పోలా అంటావేమో. నేనూ అలాగే అనుకున్నాను. గుంటూరు మిర్చి యార్డులో ఒక వ్యాపారికి టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క తీసే స్క్రిప్టు పాత పాండాస్ మీద రాసి, నా లాప్‌టాప్‌లోనే నడిపి పంపేవాణ్ణి. 2023 ఏప్రిల్‌లో వేరే పని కోసం పాండాస్ 2.0 వేశాను. మర్నాడు లెక్క తీయబోతే, డేటాఫ్రేమ్‌కి (పాండాస్ పట్టికకి) వరసలు చేర్చే అపెండ్ అనేదే లేదని ఎర్రర్. 2.0లో దాన్ని తీసేశారు. అసలే సీజన్, ఆయనేమో ఫోన్ మీద ఫోన్. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తే. వెన్వ్ 2012లో పైథాన్ 3.3తోనే వచ్చింది. అన్నేళ్లూ వాడకపోవడం నా బద్ధకం.

శనివారం ప్రాజెక్టు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పటమట వస్తానన్నావుగా, డాట్ వెన్వ్ ఫోల్డర్ మాత్రం తేకు. దాని నిండా మీ బ్రాడీపేట కంప్యూటర్ పాత్‌లే ఉంటాయి, ఇక్కడ నడవదు. పిప్ ఫ్రీజ్‌తో రిక్వైర్‌మెంట్స్ ఫైలు (వేసుకున్న లైబ్రరీల జాబితా) తీసి తీసుకురా, ఇక్కడ కొత్తది చేసుకుందాం. కోడ్ మార్పులు భద్రపరిచే గిట్‌లోకి కూడా ఆ ఫోల్డర్ ఎక్కించకు.

వచ్చేటప్పుడు అమ్మనడిగి గోంగూర పచ్చడి తే. పిన్ని రెండుసార్లు గుర్తు చేసింది.

మీ బాబాయి