యూపీఎస్‌లో కోతలట... మావాణ్ని సప్లై చైన్ చదివించనా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ ఫైనలియర్. అమెరికాలో సప్లై చైన్ (సరుకు నిల్వ, రవాణా నిర్వహణ) ఎం.ఎస్. చేస్తానంటున్నాడు. ఇల్లు తాకట్టు పెట్టి లోను తీసుకోవాలి. అక్కడి పార్సిల్ కంపెనీ యూపీఎస్ 48,000 ఉద్యోగాలు తీసేసిందని చదివాక నిద్ర పట్టడం లేదు. డేటా సైన్స్‌కి మార్పించనా? ఇక్కడే ఎంబీఏ చేయించనా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీకు నిద్ర పట్టనిది యూపీఎస్ గురించి కాదండీ, ఇంటి కాగితాల గురించి. దానికీ వస్తాను.

ఆ కంపెనీ మునిగిపోవడం లేదు. దాని పెద్ద ఖాతాదారు అమెజాన్. ఆ అమెజాన్ సరుకునే 2026 మధ్యకల్లా సగానికి పైగా తగ్గించుకుంటామని 2025 జనవరిలో యూపీఎస్సే చెప్పింది. ఎందుకంటారా? ఒక్క చిన్న డబ్బా కోసం వ్యాన్ ఆపాలి, దిగాలి, గుమ్మం దాకా నడవాలి, మళ్లీ ఎక్కాలి. అదే ఆగడంలో ఒక షాపుకి పది పెట్టెలు దించితేనో, చల్లగా ఉంచాల్సిన మందులు చేరవేస్తేనో నాలుగు డబ్బులు మిగులుతాయి. మరో పార్సిల్ కంపెనీ ఫెడెక్స్ 2019లోనే అమెజాన్‌కి దండం పెట్టేసింది. అమెజాన్ ఇప్పుడు సొంత వ్యాన్లతో వీళ్లకే పోటీ. సరుకు తగ్గితే గోడౌన్లు మూస్తారు, మనుషుల్ని తీస్తారు.

పోయిన వాటిలో 34,000 డ్రైవర్లు, పార్సిళ్లు సర్దేవాళ్ల లాంటి పనులు. మీవాడు వ్యాన్ తోలడానికి వెళ్లడం లేదు కదా! మీరు చూడాల్సింది మిగతా 14,000. అవి ఎక్కువగా మేనేజర్ల కుర్చీలు. ఎం.ఎస్. చేసినవాళ్లు ఎక్కాలనుకునేవి అవే. నాకు అనుమానం అక్కడే. సప్లై చైన్ మీద కాదు, అప్పు చేసి అక్కడికెళ్లి చదవడం మీద. కొన్ని కోర్సులకు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) గుర్తింపు ఉంటుంది, కొన్నిటికి ఉండదు. ఉంటే చదువయ్యాక అక్కడ పని చేసుకోనిచ్చే ఏడాది ఓపీటీకి మరో 24 నెలలు కలుస్తాయి. లేకపోతే ఆ ఒక్క ఏడాదే. కోర్సు పేరు చూసి మురిసిపోయి ఈ ముక్క అడగనివాళ్లను ఎంతమందిని చూశానో. ఆ తర్వాత ఉద్యోగ వీసాకి హెచ్‌1బీ లాటరీ ఎలాగూ ఉంది.

ఇక డేటా సైన్స్. కోపం తెచ్చుకోకండి, అబ్బాయి కోర్సు మార్పించడం అంటే కరెంటు మీటరు పేరు మార్పించడం కాదు. మారడం వాడికి ఇష్టమో కాదో ఉత్తరంలో ఒక్క ముక్కా లేదు! వాడు అడిగిన కోర్సు మంచిదే. సరుకు కదలక తప్పదు, దాన్ని తక్కువ ఖర్చుతో కదిలించేవాడి అవసరమూ పోదు.

యూపీఎస్‌కి చెన్నైలో, ఫెడెక్స్‌కి హైదరాబాద్‌లో టెక్నాలజీ కేంద్రాలున్నాయి. ఇక్కడి కొరియర్ కంపెనీ బ్లూ డార్ట్ కూడా జర్మనీ పార్సిల్ కంపెనీ డీహెచ్‌ఎల్ వాళ్లదే. ముందు ఇక్కడ ఏదైనా గోడౌన్‌లో, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో ఏడాది పని చెయ్యనివ్వండి. రాత్రి రెండింటికి లారీ రానప్పుడు ఫోన్లు చేసే ఓపిక ఉందో లేదో వాడికే తెలుస్తుంది. ఎంబీఏ అంటారా, మంచి కాలేజీలో సీటొస్తే తప్పకుండా చేర్పించండి, రాకపోతే వద్దు.

ఏడాది ఆగితే కొంపలేం మునగవు. ఇంటి కాగితాలు మాత్రం బీరువాలోనే ఉంచండి. ఈసారి ఉత్తరం అబ్బాయిని రాయమనండి.