ల్యాప్‌టాప్ కొనబోతున్న చిట్టికి

చిట్టీ,

ల్యాప్‌టాప్ కొనుక్కుంటున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. అదీ నీ జీతం డబ్బుతోనట. మీ పెద్దమ్మకు చెప్పాను, ఎదురింటి వాళ్లకూ చెప్పి వచ్చాను. అంతవరకు బాగానే ఉంది. ఆ తరువాత వాడు, “ఆన్‌లైన్‌లో ఏదో ఆఫరట, ఈ రాత్రితో అయిపోతుందట” అన్నాడు. ఇక నాకు కాలు నిలవడం లేదు. ఆఫర్లు ఎక్కడికీ పోవు, వచ్చే పండక్కి మళ్లీ వస్తాయి. ఇది పూర్తిగా చదివేదాకా డబ్బు కట్టకు.

నీ పని పాఠాలకు స్లైడ్లు, మార్కుల పట్టికలు, అప్పుడప్పుడు వీడియో క్లాసు, రాత్రికో సినిమా. దానికి ఆటలాడే కుర్రాళ్ల లక్ష రూపాయల యంత్రం దండగ. ర్యామ్, అంటే పని నడుస్తున్నంతసేపు వాడుకునే మెమరీ, 16 జీబీ తీసుకో. 8తో సరిపెట్టుకోవలసి వస్తే ఇంకొకటి వేసుకునే స్లాటు ఉందేమో అడుగు. సన్నటి మోడళ్లలో చాలావాటికి ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, తరువాత పెంచుకోలేవు. ఫైళ్లు దాచుకునే ఎస్ఎస్‌డీ 512 జీబీ చాలు. ఇంటికి తెచ్చాక అది 476 అని చూపిస్తే కొట్టువాడి మీదకు పోకు. తయారు చేసినవాడు వెయ్యితో లెక్కిస్తాడు, విండోస్ 1024తో లెక్కిస్తుంది. ఈ తగువుతో నా రిపేరు కొట్టుకు వచ్చినవాళ్లలో లెక్కల మాస్టారు కూడా ఒకాయన ఉన్నారు.

ప్రాసెసర్ పేరు చూసి మురిసిపోకు. రెండు పెట్టెల మీదా ఏఎండీ కంపెనీ రైజెన్ 5 అనే ఉంటుంది. ఒకటి 7520యూ, ఇంకొకటి 7530యూ. ముందున్న 7 చూసి రెండూ ఒకటేననుకుంటాం. చూడవలసింది మూడో అంకె. అక్కడ 2 ఉంటే 2019లో వచ్చిన జెన్ 2 నిర్మాణం, 3 ఉంటే ఆ మరుసటి ఏడాది వచ్చిన జెన్ 3. మీ స్టాఫ్‌రూములో ఎవరైనా పాతది చవగ్గా ఇస్తామంటే, అది విండోస్ 11 తీసుకుంటుందో లేదో ముందు తేల్చుకో. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది.

తెరను కొట్టులో మూత తెరిచి పక్క నుంచి చూడు. రంగులు వెలిసిపోతే వద్దను.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాన్న నీకు చెప్పి ఉండడు. నేను చెప్పానని వాణ్ని అడగకు.

నీకు నాలుగేళ్లప్పుడు వాడూ ఒక ల్యాప్‌టాప్ కొన్నాడు. అప్పటికి మీ నానమ్మ మంచం పట్టింది. నాట్ల పాటలు, దంపుళ్ల పాటలు, పెళ్లిళ్లలో వియ్యపురాలిని ఆటపట్టించే పాటలు ఆవిడకు ఎన్ని వచ్చో మాకే తెలియదు. సాయంత్రం పూట మీ నాన్న మైకు తగిలించి పాడించుకునేవాడు. రెండో పాటకే ఆయాసం వచ్చేది. మంచినీళ్లు తాగి, ఎక్కడ ఆపిందో అక్కడే అందుకునేది. అన్నీ ఆ ల్యాప్‌టాప్‌లోనే. సీడీలో ఎక్కించరా అంటే, “ఎక్కిద్దాంలే అన్నయ్యా, ఎక్కడికి పోతాయి” అనేవాడు.

ఆవిడ పోయిన తరువాత వచ్చిన సంక్రాంతికి చుట్టాలందరికీ వినిపిస్తానని, నడుస్తున్నదాన్ని అలాగే ఒంటిచేత్తో వరండాలోకి తెస్తూ గుమ్మం తగిలి తూలాడు. అది కింద పడింది. పైకి ఒక్క గీత లేదు.

అప్పటి హార్డ్‌డిస్కులో ఫైళ్లు ఉండే నున్నటి పళ్లెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతూ ఉండేది. దానికి తగలకుండా, వెంట్రుక కూడా దూరనంత ఎత్తులో ఒక ముల్లు కదులుతుంది. పడినప్పుడు ఆ ముల్లు పళ్లేన్ని గీరేస్తుంది. మళ్లీ ఆన్ చేస్తే టిక్, టిక్, టిక్ అని ఒకే లయలో చప్పుడు వస్తుంది. అది వినగానే చేయవలసింది ఆపేయడమే. వాడు ఆపాడు, వేశాడు, తట్టాడు, మళ్లీ వేశాడు. వేసినప్పుడల్లా ఇంకాస్త గీరుకుపోయింది. నాకు చెప్పడానికి మొహం చెల్లక ఊళ్లో ఎవరికో ఇచ్చాడు. ఆ కుర్రవాడు కొత్త డిస్కు వేసి, “బాగైపోయింది సార్” అని తెచ్చి ఇచ్చాడు. పాతది ఏదని అడిగితే, “పాడైనది మీకెందుకు సార్, పారేశాం” అన్నాడట. అది నా చేతికి వచ్చి ఉంటే పాటలన్నీ తీసేవాణ్నని చెప్పను. ఒకటో రెండో దక్కేవేమో. ఇప్పుడు మా అమ్మ గొంతు మా దగ్గర లేదు.

ఎస్ఎస్‌డీలో ముల్లూ లేదు, పళ్లెమూ లేదు కదా పెద్దనాన్నా అంటావు. నిజమే, కింద పడినా తట్టుకుంటుంది. కానీ పోయే రోజున టిక్ అని కూడా చెప్పదు. పైగా ఇప్పుడు మైక్రోసాఫ్ట్ ఖాతాతో విండోస్ 11 మొదలుపెడితే చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కు తనంతట తానే తాళం వేసుకుంటుంది. రేపు బోర్డు పోయి, డిస్కు తీసి ఇంకోదానికి తగిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది నీ ఖాతాలో ఉంటుంది. కొన్న రోజే చూసి, కాగితం మీద రాసి, బిల్లుతో పాటు బీరువాలో పెట్టు. సెటప్ మేమే చేసిస్తాం మేడమ్ అని కొట్టువాడు తన ఈమెయిల్ పెట్టబోతే ఒప్పుకోకు. తాళంచెవి అతని దగ్గర ఉండిపోతుంది.

అందుకని బయటి హార్డ్‌డిస్కుకు డబ్బు ముందే పక్కన తీసిపెట్టు. చాలకపోతే ల్యాప్‌టాప్‌ను ఒక మెట్టు తగ్గించు, దాన్ని మాత్రం మానకు. ఆదివారం ఆదివారం నకలు తీసుకుని, తీగ పీకేసి వేరే చోట పెట్టు. ఎప్పుడూ తగిలించే ఉంచితే వైరస్ రెండింటినీ కలిపి మింగేస్తుంది.

హైదరాబాద్‌లోనే ఉన్నావు గనుక సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు ఒకసారి వెళ్లి ధరలు కనుక్కో. ఒక్కదానివే వెళ్లకు, స్నేహితురాలిని తీసుకువెళ్లు. ఒకరు బేరమాడుతుంటే ఇంకొకరు పెట్టె చూడవచ్చు. బిల్లు లేకపోతే 18 శాతం జీఎస్టీ మిగులుతుందని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయ్. పెట్టె మీద, బిల్లు మీద, ల్యాప్‌టాప్ అడుగున సీరియల్ నంబరు ఒకటే ఉండాలి. రిపేరుకు మనిషి ఇంటికి వస్తాడా, మనమే మోసుకెళ్లాలా అన్నది వారంటీ కాగితంలో చదువు. లోహపు ఒళ్లున్నది కొంటే, చార్జింగులో మణికట్టు దగ్గర చిమచిమలాడుతుందేమో గమనించు. కొన్ని అద్దె ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్టు ఉన్నా లోపల ఎర్త్ తీగ ఉండదు, ఆ చిమచిమ అందువల్ల కావచ్చు. ఓనరుతో మాట్లాడటానికి మొహమాటపడితే నాకు ఫోను కలుపు, నేను మాట్లాడతాను.

ఏది నచ్చిందో దాని మోడల్ నంబరు చివరి అక్షరం దాకా రాసి పంపు. చూసి అవునో కాదో చెబుతాను. మీ పెద్దమ్మ నీకు గోంగూర పచ్చడి పెట్టి ఇస్తానంటోంది. వచ్చే నెల ఊరికి వచ్చి వెళ్లేటప్పుడు మాత్రం ఆ సీసాను ల్యాప్‌టాప్ సంచిలో పెట్టకు.

మీ పెద్దనాన్న